పద్నాలుగేళ్ళవాడికి 85 సీసీ

రేసు బండి కావాలని పిల్లవాడు అడిగితే మన ఇళ్ళలో మాట రెండు దారుల్లో పోతుంది. వద్దే వద్దని కసరడం ఒకటి, ముచ్చటపడి డబ్బు కట్టేసి బండి చేతికిచ్చేయడం ఇంకొకటి. నేను విన్న ఈ సంవాదంలో ఆ రెండూ లేవు. అక్క విజయవాడలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. తమ్ముడికి ఆటోనగర్‌లో ఇంజిన్ పనుల షెడ్డు ఉంది. కుర్రతనంలో డర్ట్ ట్రాక్ పోటీల్లో తిరిగినవాడు. అక్క కొడుకు తొమ్మిదో తరగతి, అయిదడుగుల మూడంగుళాల ఎత్తు, నలభై ఎనిమిది కిలోల బరువు. వాడు మోటోక్రాస్ నేర్చుకోవచ్చు అన్నంతవరకు ఇద్దరికీ పేచీ లేదు. ఏ బండి కొనాలి, కొన్నాక దాన్ని ఎవరు చూసుకోవాలి అన్న దగ్గరే పడింది. మన దగ్గర పిల్లల బండ్ల గురించి ఇంత వివరంగా మాట్లాడుకునేవాళ్ళు తక్కువ. అందుకే వాళ్ళ మాటల్ని ఇక్కడ పెడుతున్నాను.

అక్క: టూ స్ట్రోక్ అని ఎందుకురా అంత పట్టు? రోడ్ల మీద అవి పోయి ఎన్నేళ్ళయిందో నీకు తెలుసు. రేసుల్లోనూ అంతే. ప్రపంచ రోడ్ రేసుల్లో 125 తరగతి 2011తో ఆగిపోయింది, 2012 నుంచి మోటో3 అని 250 ఫోర్ స్ట్రోక్‌లు వచ్చాయి. పోయేదాన్ని తెచ్చి వాడికి అంటగడతానంటావేంటి? సెకండ్‌హ్యాండ్‌లో ఒక ఎక్స్‌పల్స్ 200 చూడు. ఏ ఊళ్ళో అయినా సర్వీస్ సెంటర్ ఉంటుంది, పెట్రోల్లో ఆయిల్ కలిపే గోల ఉండదు.

తమ్ముడు: ఎక్స్‌పల్స్ మంచి బండే, పెద్దవాళ్ళకి. దాని బరువు 160 కిలోల దరిదాపు. వాడి బరువుకి మూడు రెట్లు పైన. మట్టిలో పడ్డాక లేపాలంటే వాడి వల్ల కాదు. దాని కింద కాలు పడితే వేరే చెప్పక్కర్లేదు. కేటీఎం 85 ఎస్‌ఎక్స్ డెబ్భై కిలోల చుట్టుపక్కల ఉంటుంది, యమహా వైజెడ్85 ఇంకో నాలుగైదు కిలోలు ఎక్కువ. అదీ తేడా. రోడ్ రేసుల సంగతి నువ్వన్నది నిజం, కానీ మోటోక్రాస్ వేరు. అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య ఎఫ్‌ఐఎం నడిపే జూనియర్ మోటోక్రాస్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఇప్పటికీ 65, 85, 125 తరగతులే. మన దేశంలో 2024లో మొదలైన సూపర్‌క్రాస్ లీగ్‌లోనూ జూనియర్లకు 85 పెట్టారు. అదే ఏడాది నవంబరులో కేటీఎం వాళ్ళు 50, 65, 85 మూడింటినీ ఇక్కడే అమ్మకానికి తెచ్చారు. కవాసాకి 65, 112 కూడా మన దగ్గరకు వచ్చాయి. పిల్లలు పోటీ చేసే చోట నడిచేది ఈ బండ్లే అక్కా.

అక్క: ఎంతేంటి?

తమ్ముడు: కొత్త కేటీఎం 85 షోరూం ధరే 2024లో వచ్చినప్పుడు ఆరున్నర లక్షలు దాటింది.

అక్క: ఆరున్నర లక్షలా! నీ షెడ్డులో ఆ మూల ఆర్‌ఎక్స్100 పడుందిగా. అదీ టూ స్ట్రోకే. నువ్వు నేర్చుకున్నది దాని మీదే. దానికే నాబీ టైర్లు వేసి వాడికిస్తే పోలా?

తమ్ముడు: దాని మీద నాకున్న ప్రేమ నీకు తెలుసు. 98 సీసీ, 11 హార్స్‌పవర్. 1985 నుంచి 1996 దాకా వచ్చిన ఆ బండిని తీసేయాలంటే ఇప్పటికీ ఎవరికీ మనసొప్పదు. కానీ వాడికి అది వద్దు. నూరు కిలోల బండి, రోడ్డు కోసం కట్టిన ఫ్రేము. గాల్లోకి లేచి దిగితే ఆ ముందు ఫోర్కులు ఆ దెబ్బకి అడుగంటుతాయి, ఆ దెబ్బంతా మణికట్లకి పోతుంది. ఇంకో సంగతి, దానికి నంబరు ప్లేటుంది. నంబరు ప్లేటున్న బండి గేటు దగ్గర నిలబడి ఉంటే, పాల ప్యాకెట్‌కి అని ఒకరోజు రోడ్డెక్కుతాడు.

అక్క: అది మాత్రం నా ఇంట్లో జరగదు. గేర్ల బండికి లైసెన్సు పద్దెనిమిది నిండితేనే. 2019 సవరణతో చట్టంలో 199ఎ సెక్షన్ చేరింది. మైనర్ నడిపి నేరం చేస్తే తల్లిదండ్రికో బండి యజమానికో మూడేళ్ళ దాకా జైలు, పాతిక వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, పిల్లాడికి ఇరవై అయిదు ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. పేరెంట్స్ మీటింగుల్లో ప్రతిసారీ ఇది చెబుతాను నేను.

తమ్ముడు: అందుకే అంటున్నా, రిజిస్ట్రేషనే లేని బండి కొందాం. హెడ్‌లైటు ఉండదు, హారన్ ఉండదు, స్టాండు కూడా బిగించి ఉండదు. టాటా ఏస్‌లో ఎక్కించి ట్రాక్‌కి తీసుకుపోవాలి, ఎక్కించుకుని తీసుకురావాలి. పెద్దవాళ్ళు లేకుండా అది షెడ్డు గుమ్మం దాటే వీలే లేదు. వాడికి రక్షణ మొదలయ్యేది అక్కడే.

అక్క: సరే, ఆ ఒక్క మాటకి ఒప్పుకున్నా. కానీ నా అసలు అభ్యంతరం ధర కాదు. ఆ ఇంజిన్ నడిచే తీరు. దాని సైలెన్సర్ గొట్టం సన్నగా మొదలై, మధ్యలో ఉబ్బి, మళ్ళీ సన్నబడుతుంది. ఎగ్జాస్ట్ పోర్టు తెరుచుకోగానే కాలిన వాయువు పీడన తరంగంగా ఆ గొట్టంలోకి పరుగెడుతుంది. గొట్టం వెడల్పయ్యే చోట వ్యతిరేక తరంగం పుట్టి వెనక్కి వచ్చి సిలిండర్‌ని ఖాళీ చేస్తుంది, కింద నుంచి కొత్త మిశ్రమాన్ని పైకి లాగుతుంది. ఆ లాగుడుకి కొంత మిశ్రమం గొట్టంలోకీ జారిపోతుంది. గొట్టం సన్నబడే చోట తగిలి తిరిగొచ్చే తరంగం, పోర్టు మూసుకునే లోపల, జారిపోయినదాన్ని మళ్ళీ సిలిండర్‌లోకి నెడుతుంది. గొట్టం పొడవు మారదు కాబట్టి తరంగం పోయి వచ్చే సమయం కూడా దాదాపు మారదు. ఇంజిన్ సరిగ్గా ఆ వేగంలో తిరిగినప్పుడే లెక్క కలుస్తుంది. కింద నీరసంగా ఉంటుంది, ఒక చోటికొచ్చాక ఒక్కసారి ఎగబాకుతుంది. వాడు మలుపు మధ్యలో వంగి ఉన్నప్పుడు ఆ ఎగబాకుడు వస్తే చక్రం పక్కకి జారదా?

అక్క చెప్పిన ఈ లెక్కని రేసు బండిలో నిజంగా పండించినవాడు వాల్టర్ కాడెన్. తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ ఇంజనీరు. 1950లలో మొదలుపెట్టి, 1961 నాటికి తన 125 సీసీ ఇంజిన్ నుంచి లీటరుకు 200 హార్స్‌పవర్ చొప్పున లాగాడు. ఆ ఏడాదే ఆయన రైడర్ ఎర్నస్ట్ డెగ్నర్ స్వీడన్ రేసు సమయంలో తూర్పు జర్మనీ వదిలి పారిపోయి సుజుకీలో చేరాడు. మరుసటి ఏడాది సుజుకీ 50 సీసీ బండి మీద ప్రపంచ టైటిల్ గెలిచాడు. ఇవాళ పిల్లల 85 కింద కనబడే ఆ ఉబ్బు గొట్టం వెనక ఇంత చరిత్ర ఉంది. రాయి తగిలి ఆ గొట్టం బాగా సొట్టపడితే అందం పోవడమే కాదు, తరంగం లెక్క కూడా చెడుతుంది. సొట్ట తీయించడం అలంకారం కింద లెక్కేసి వాయిదా వేసేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

తమ్ముడు: మలుపులో చక్రం జారుతుంది. నేనూ జారాను. దానికి మందు పవర్ వాల్వు. ఎగ్జాస్ట్ పోర్టు నెత్తిమీద చిన్న తలుపు లాంటిది. ఇంజిన్ మెల్లగా తిరిగేటప్పుడు కిందికి దిగి పోర్టు ఎత్తు తగ్గిస్తుంది, వేగం అందుకున్నాక పైకి లేస్తుంది. దాంతో కింద కూడా కొంచెం లాగుతుంది, పైన వచ్చే ఊపు మరీ చెంపదెబ్బలా రాదు. యమహా తన 85కి దీన్ని 2019లో పెట్టింది. అంతకుముందటి వైజెడ్85లు చవగ్గా దొరుకుతాయి, కానీ నేర్చుకునేవాడికి నేను కొనను. కేటీఎం 85కీ పవర్ వాల్వు ఉంది.

అక్క: కార్బన్ పట్టి ఆ తలుపు బిగుసుకుపోతే?

తమ్ముడు: పోతుంది. పిస్టన్ మార్చిన ప్రతిసారీ దాన్నీ ఇప్పి కడగాలి. నువ్వు ఫోర్ స్ట్రోక్ అన్నావు కదా, ఒకటి ఆలోచించు. ఇదే తరగతి కోసం హోండా సీఆర్‌ఎఫ్150ఆర్ అని రేసు ఫోర్ స్ట్రోకే చేసింది. మంచి ఇంజిన్, ఊపు మెత్తగా వస్తుంది. కానీ బరువు పది కిలోలు ఎక్కువ, పైన క్యామ్, నాలుగు వాల్వులు, టైమింగ్ చైను. వాల్వు సందు కొలిచి షిమ్ములు మార్చాలి. అంత వేగంలో ఒక వాల్వు విరిగి పడితే హెడ్డు, పిస్టన్, సిలిండర్ అన్నీ పోతాయి. 85లో పై భాగమంటే హెడ్డు, సిలిండర్, పిస్టన్, ఒక రింగు, పిన్ను, చిన్న బేరింగు, రెండు సర్‌క్లిప్పులు, గ్యాస్కెట్లు. ఇంతే. ఒక మధ్యాహ్నంలో వాడు ఇప్పి మళ్ళీ కట్టగలడు.

అక్క: వాడు ఇప్పుతాడా?

తమ్ముడు: వాడే ఇప్పాలి.

అక్క: అది తర్వాత మాట్లాడదాం. ముందు సైజు చెప్పు. మీ బావ పెరిగే పిల్లాడు కదా, ఏకంగా 125 కొంటే నాలుగేళ్ళు వస్తుందంటున్నారు.

తమ్ముడు: బావ మాట ఈ ఒక్కదాంట్లో వినొద్దు. 125 పూర్తి సైజు బండి, బరువు ఎక్కువ, బలం చాలా ఎక్కువ. వాడి బూట్లు వేయించి బండి మీద కూర్చోబెట్టి చూడాలి. రెండు పాదాల మునివేళ్ళ భాగం గట్టిగా ఆనాలి. ఫుట్‌పెగ్గుల మీద నిలబడితే మోకాళ్ళు ట్యాంకుని పట్టుకోవాలి, హ్యాండిల్ కోసం నడుం మరీ వంగకూడదు. 85లోనే రెండు సైజులు వస్తాయి. ముందు 17, వెనక 14 అంగుళాల చక్రాలది చిన్నవాళ్ళకి. 19, 16ది పెద్దది. వాడి ఎత్తుకి పెద్ద చక్రాలదే సరి. ఆ తర్వాత సస్పెన్షన్. వాడు ఎక్కినప్పుడు వెనక భాగం ఎంత దిగుతోందో టేపు పెట్టి కొలవాలి. మొత్తం ప్రయాణంలో సుమారు మూడో వంతు దిగాలి. స్ప్రింగు బిగించినా వదులుచేసినా ఆ కొలత రాకపోతే వాడి బరువుకి ఆ స్ప్రింగు కాదు, మార్చాలి. చాలామంది ఈ కొలత తీయకుండానే, బండి విసురుతోంది, పిల్లాడికి చేతకావట్లేదు అంటారు.

అక్క: 85 అయితే సెకండ్‌హ్యాండ్ కొందామంటావు నువ్వు, ఇలాంటి రేసు బండి కొత్తదే నయమంటాను నేను. వాడినోడు పిస్టన్ కొత్తగా వేశాం అంటాడు. చూసినవాడెవడు?

తమ్ముడు: నేను చూస్తా. కొనేముందు సైలెన్సర్ ఇప్పి, ఎగ్జాస్ట్ పోర్టులోకి టార్చి వేసి, కిక్కు మెల్లగా చేత్తో తిప్పుతూ పిస్టన్ పక్కని చూస్తా. మసక బూడిద రంగులో నున్నగా ఉండాలి. నిలువు గీతలు కనబడితే ఆ బండి ఒకసారి పట్టేసిందన్నమాట. తర్వాత ఎయిర్ ఫిల్టర్ తీసి, కార్బొరేటర్‌కి పోయే రబ్బరు బూటు లోపల తెల్ల గుడ్డతో తుడుస్తా. గుడ్డకి ఎర్రమట్టి పొడి అంటితే అదంతా ఇంజిన్ తాగిందని అర్థం. ఆ తర్వాత కంప్రెషన్ గేజి. యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచిపట్టి, ముల్లు ఇక లేవను అనేదాకా కిక్కు కొట్టాలి. మాన్యువల్లో ఉన్నదానితో పోల్చాలి. చక్రాల బేరింగులు, స్టీరింగ్ బేరింగులు, వెనక లింకేజి చేత్తో ఊపి చూడాలి. ఇవన్నీ బాగున్నా సరే, కొన్న వారంలోనే హెడ్డు ఇప్పి కొత్త పిస్టన్ వేస్తా. వాడిన గంటల లెక్క మనది మొదటి నుంచీ మనకే తెలియాలి.

అక్క: ఇప్పనివ్వనంటే?

తమ్ముడు: ఇప్పనివ్వనివాడి బండి మనకొద్దు.

అక్క: ఇప్పితే నీ ఆటోనగర్ బుద్ధి బయటకొస్తుంది. గీతలు పడ్డాయని లేత్ మీద బోరు కొట్టించి ఓవర్‌సైజు పిస్టన్ వేస్తావు.

తమ్ముడు: ఆర్‌ఎక్స్ అయితే వేస్తా. దానికి లోపల ఇనుప లైనరు, 0.25 మిల్లీమీటర్ల చొప్పున బోరు పెంచుకుంటూ పోవచ్చు. ఈ 85ల సిలిండర్ అల్యూమినియం, లోపల నికెల్ సిలికాన్ కార్బైడ్ పూత. చాలా పల్చటి పూత అది. లేత్ మీద పెడితే పూతే పోతుంది. చెడితే మళ్ళీ పూత వేయించాలి, లేదా కొత్త సిలిండర్. పిస్టన్లు కూడా అక్షరాల గుర్తుల మీద, మిల్లీమీటర్లో నూరో వంతు తేడాలతో వస్తాయి. ఇది తెలియక మంచి సిలిండర్లు పాడుచేసిన లేత్‌లు మన బెజవాడలో చాలా ఉన్నాయి. అందుకే ఏ కంపెనీ బండి కొనాలి అంటే నా జవాబు ఒక్కటే. పిస్టన్, రింగు, గ్యాస్కెట్, క్లచ్ ప్లేట్లు ఒకరోజు ప్రయాణంలో దొరికే కంపెనీ. బలం ఒక హార్స్‌పవర్ అటూ ఇటూ అయినా వాడికేం తెలియదు. రేసుకి ముందు శుక్రవారం రింగు దొరక్కపోతే మాత్రం తెలుస్తుంది.

ఈ మాట దగ్గర అక్క కాసేపు ఆగింది. డబ్బు మొత్తం బండికే పెట్టకూడదని, మూడో వంతు హెల్మెట్, బూట్లు, మోకాలి గార్డులు, మెడ కవచం, విడిభాగాల కోసం పక్కన పెట్టాలని కాగితం మీద రాసింది. నా లెక్కలోనూ అదే సరి. బండికి కట్టాక మిగిలిన డబ్బుతో హెల్మెట్ కొనే ఇంట్లో రేసు మొదలుపెట్టకూడదు.

అక్క: ఇక ఆయిల్. నీ షెడ్డులో టూటీ ఆయిల్ ఎలా కలుపుతారో చూశాను. డబ్బా మూత కొలత, పైన ఇంకో చుక్క భద్రత కోసం.

తమ్ముడు: స్కూటర్లకి అలాగే కలిపేవాళ్ళం. దీనికి కుదరదు. కొలత సీసా కావాలి. 40కి 1 అంటే లీటరు పెట్రోలుకి 25 మిల్లీలీటర్లు, అయిదు లీటర్ల డబ్బాకి 125. 32కి 1 అయితే లీటరుకి 31. ఏది పోయాలో బండి మాన్యువల్, ఆయిల్ డబ్బా చెబుతాయి. ఒకటి ఎంచుకుంటే మార్చకూడదు.

అక్క: భద్రత కోసం ఎక్కువ పోస్తే తప్పేంటి అని వాడు అడుగుతాడు.

తమ్ముడు: నువ్వే చెప్పు, లెక్చరర్‌వి.

అక్క: కార్బొరేటర్ జెట్టు రంధ్రం అంతే ఉంటుంది. దాంట్లోంచి పోయేదాంట్లో ఆయిల్ పాలు పెరిగితే పెట్రోలు పాలు తగ్గుతుంది. గాలికి తగినంత పెట్రోలు లేక మిశ్రమం పల్చబడుతుంది, మంట వేడెక్కుతుంది, పిస్టన్ ఉబ్బి పట్టేస్తుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. ఇది వాడి చేత లెక్క వేయిస్తాను. ఇంకోటి, ఇప్పుడు వచ్చే పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది, అది గాలిలోని తేమ లాక్కుంటుంది. కలిపిన తేదీ డబ్బా మీద రాయాలి. నెల దాటింది బండిలో పోయకూడదు.

తమ్ముడు: రెండు మూడు వారాలు నడపకపోతే ట్యాంకు, కార్బొరేటర్ గిన్నె రెండూ ఖాళీ చేయాలి. పదో తరగతి పరీక్షలప్పుడు ఎలాగూ నెలల తరబడి ఆగుతుంది కదా.

అక్క: జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ బండి పేరు ఎత్తడానికి లేదు. అది ఇప్పుడే రాసుకో.

తమ్ముడు: రాసుకున్నా. జెట్టు మాట కూడా వినేయి. కోలారు దగ్గర సి.ఎస్. సంతోష్ వాళ్ళ బిగ్ రాక్ డర్ట్‌పార్క్ ఉంది. డకార్ ర్యాలీ పూర్తి చేసిన మొదటి భారతీయుడు ఆయనే, 2015లో. అటువైపు శిక్షణకి తీసుకుపోదాం అనుకుంటున్నా.

అక్క: ఆ ఎత్తు ఎనిమిది వందల మీటర్ల పైన. మనం కృష్ణ ఒడ్డున, దాదాపు సముద్రమట్టంలో ఉన్నాం. అక్కడ గాలి ఏడెనిమిది శాతం పల్చన. ఇక్కడి జెట్టు అక్కడ ఎక్కువ పెట్రోలు పోస్తుంది.

తమ్ముడు: పోస్తే ప్రమాదం లేదు. బండి మొరాయిస్తుంది, ప్లగ్గు తడుస్తుంది, పొగొస్తుంది. ప్రమాదం తిరుగు ప్రయాణంలో ఉంది. అక్కడ చిన్న జెట్టు వేసి బ్రహ్మాండంగా నడిపిస్తాం. ఇంటికొచ్చాక అదే జెట్టుతో ఇక్కడి దట్టమైన గాలిలో ఫుల్లుగా తెరిస్తే పల్చబడి పట్టేస్తుంది. డిసెంబరు ఉదయం చలిలో అయితే ఇంకా తొందరగా. అందుకే జెట్టు మార్చిన రోజే నంబరు పుస్తకంలో రాయాలి. ప్లగ్గు రంగు కూడా చూడాలి. ముదురు గోధుమ రంగు మంచిది, తెల్లబడిందంటే ఆ పూట బండి ఆపేయాలి.

అక్క: రోజూ చేయాల్సినది?

తమ్ముడు: ఎయిర్ ఫిల్టర్. నన్ను అర్ధరాత్రి లేపి అడిగినా ఇదే చెప్తా. మట్టిలో నడిపిన ప్రతిరోజూ ఫోము ఫిల్టర్ తీసి కడగాలి, నీడన ఆరబెట్టాలి, ఫిల్టర్ ఆయిల్ పట్టించి చేతులతో పిండాలి. మెలితిప్పకూడదు, అతుకులు ఊడతాయి. అంచు చుట్టూ గ్రీజు రాసి కూర్చోబెట్టాలి. సగం మంది ఇంజిన్లు పోయేది ఆ అంచు సరిగ్గా కూర్చోక. కూర్చోబెట్టాక వేలితో చుట్టూ తడిమి చూడాలి. ఇక గేరు ఆయిల్ అర లీటరు దరిదాపు, దాన్ని తరచుగా మార్చాలి, చవకే. చైను వదులు, స్పోకులు, నట్లు ప్రతి రోజూ. నీళ్ళ గన్నుతో బేరింగుల మీదకి కొట్టకూడదు. స్టార్ట్ చేశాక రేడియేటర్ వెచ్చబడేదాకా మెల్లగా తిప్పాలి, అప్పటిదాకా గట్టిగా తెరవకూడదు. పిస్టన్ ముందు వేడెక్కి ఉబ్బుతుంది, సిలిండర్ చుట్టూ చల్లటి నీళ్ళు, అది ఇంకా ఉబ్బదు. నాలుగు మూలలా గీసుకుంటుంది.

అక్క: వాడు అవతల గుంపు చూస్తుంటే ఎవడు ఆగుతాడు వెచ్చబడేదాకా?

తమ్ముడు: ఆగకపోతే ఏమైందో వాడే హెడ్డు ఇప్పి చూస్తాడు. అందుకే వాడి చేతే చేయించాలంటున్నా. మీరు బండి మెకానిక్‌కిచ్చి, పిల్లాడు వచ్చి ఎక్కి తిరిగి వెళ్ళిపోతే ఇంజిన్ అంటే వాడికి కుడిచేతి కింద ఉన్న బలం, అంతే. గుడ్డ పరిచి క్రాంక్‌కేస్ నోరు మూసి, పాత సర్‌క్లిప్పు ముక్కు పట్టకారుతో పట్టి తీసి, కొత్తది వేయాలి. పాతది మళ్ళీ వాడకూడదు. దాని తెరిచిన నోరు పైకో కిందికో ఉండాలి, పక్కకి ఉంటే పరుగులో ఎగిరిపోతుంది. పిస్టన్ నెత్తి మీది బాణం ఎగ్జాస్ట్ వైపు. రింగుని సిలిండర్లో పెట్టి ఫీలర్ గేజితో కొసల సందు కొలవాలి. ఇదంతా చేసిన పిల్లాడు యాక్సిలరేటర్ ఊరికే తిప్పడు. లోపల ఏం జరుగుతుందో వాడి కళ్ళ ముందు ఉంటుంది.

అక్క: ఇక్కడే నేను నీతో కలవను. సర్‌క్లిప్పు ఎగిరితే ఇంజిన్ పోతుంది, పోనీ. వెనక చక్రం ఇరుసు నట్టు బిగించడం మరిస్తే? బ్రేకు ప్యాడు పిన్ను? అది పద్నాలుగేళ్ళవాడి మీద వేయాల్సిన భారం కాదు. 2023 ఆగస్టులో చెన్నై ట్రాక్ మీద పదమూడేళ్ళ పిల్లాడు రేసులో పడి చనిపోయాడు. జాతీయ స్థాయి పోటీ అది. అంత ఏర్పాటున్న చోట. ఆ వార్త చదివిన రోజు నుంచి వాడు బండి పేరెత్తినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. మాట్లాడినప్పుడు జవాబుగా మాట్లాడలేదు.

తమ్ముడు: దానికి నా దగ్గర సమాధానం లేదు అక్కా. మట్టి ట్రాక్ మీద వేగాలు తక్కువని అనొచ్చు, అంటే నిన్ను మభ్యపెట్టినట్టు. మెడలు విరిగినవాళ్ళని మట్టిలోనూ చూశాను. నేను చేయగలిగింది చెప్తా. మొదటి ఏడాది పోటీ లేదు, శిక్షణే. ఒంటరిగా ట్రాక్ మీదకి పంపను. డాక్టరు, అంబులెన్సు లేని చోట బండి టాటా ఏస్ దిగదు, అక్కడిదాకా పోయి వెనక్కి రావాల్సొచ్చినా సరే.

అక్క: ఇరుసు నట్టు సంగతి?

తమ్ముడు: వాడు బిగిస్తాడు, టార్క్ రెంచితో. నేను రెండోసారి పట్టి చూసి పెయింటు గీత పెడతా. చక్రాలు, బ్రేకులు, హ్యాండిల్, ఫుట్‌పెగ్గులు, ఈ నాలుగూ పెద్దవాళ్ళ చెయ్యి పడందే బండి కదలదు. ఇంజిన్ మాత్రం వాడిది.

అక్క: గంటల పుస్తకం నా దగ్గరుంటుంది. మీటరు బిగించు. నువ్వు పిస్టన్ ఎన్ని గంటలకి అంటావు?

తమ్ముడు: మాన్యువల్ ఒక లెక్క చెబుతుంది. మన దుమ్ములో, పోటీ నడకలో నేనైతే ఇరవై గంటలకి మార్చేస్తా. వేడిగా ఉన్నప్పుడు కిక్కు మొండికేస్తోందన్నా, కంప్రెషన్ గేజి పడిపోతోందన్నా ఇరవై దాకా కూడా ఆగను. పిస్టన్ కిట్టు ఖర్చు ఒక రకం. అది పగిలి ముక్కలు క్రాంక్‌లో పడితే ఆ ఖర్చు వేరే రకం.

అక్క: ఇరవైకి గంట దాటినా నేను తాళం తీసుకుంటా.

తమ్ముడు: దానికి తాళం ఉండదు అక్కా.

అక్క: షెడ్డు తాళం.

పిల్లవాడే బండి ఇప్పాలన్న తమ్ముడి మాటకే నా ఓటు, పెద్దవాళ్ళ గీత పడకుండా చక్రం కదలకూడదన్న అక్క షరతుతో కలిపి. పిల్లల రేసుల్లో నేను చూసిన నిర్లక్ష్యం చాలావరకు డబ్బున్న ఇళ్ళలోనే ఉంది. బండి పక్కన ఎప్పుడూ మెకానిక్ ఉంటాడు, పిల్లాడి చేతికి నూనె అంటదు. తన చేత్తో రింగు సందు కొలిచినవాడికి మిశ్రమం పల్చబడ్డ ఇంజిన్ గొంతు మారడం ట్రాక్ మీదే వినబడుతుంది, చెయ్యి దానంతట అదే వెనక్కి వస్తుంది. టూ స్ట్రోక్ ఇది నేర్పినట్టు ఇంకొకటి నేర్పదు, దాని లోపలికి చూడ్డం అంత తేలిక కాబట్టి.

అక్క: ఆదివారం నువ్వు చెప్పిన ఆ సెకండ్‌హ్యాండ్ వైజెడ్85 చూడ్డానికి నేనూ వస్తున్నా. టార్చి నేనే పట్టుకుంటా. 2019 తర్వాతదేనా?

తమ్ముడు: ఆ. పెద్ద చక్రాలది. ఫ్రేము నంబరు, దిగుమతి కాగితాలు అడిగాను, పంపిస్తానన్నాడు.

అక్క: కాగితాలు ముందు రానీ, తర్వాత బయలుదేరదాం. 125 మాట మాత్రం వాడి ముందు ఎత్తకు. పదహారు నిండేదాకా లేదు.

తమ్ముడు: పదహారు అని గీత పెట్టకు అక్కా. ఏడాదిలో ఆరంగుళాలు పెరిగితే 85 మీద మోకాళ్ళు మోచేతులకి తగులుతాయి, అదీ ప్రమాదమే. ఎత్తు చూసి, గంటల పుస్తకం చూసి తేలుద్దాం.

అక్క: వాడి వయసు కూడా చూస్తాను నేను.

తమ్ముడు: చూడు. కానీ బావకి చెప్పు, ఈలోపు ఆ 125 అమ్మేవాడితో ఫోన్లు ఆపమని.

అక్క: చెప్పాను. నువ్వు చెబితే వింటారేమో, నువ్వూ చెప్పు.